రఫ్సంజాన్ తక్కెడ

నేను ఒక తక్కెడను. ఇత్తడి పళ్ళాలు రెండు, ఇనుప కోల ఒకటి, దాని నడుమ ఒక ముల్లు, పట్టుకోవడానికి ఒక గొలుసు. ఇదీ నా ఆస్తి. నోరు లేదు. బరువు ఎటు ఉంటే అటు వాలతాను. మా జాతికి అదే భాష. అబద్ధమాడడం నాకు చేతకాదని గొప్పలు పోను. నన్ను పట్టుకున్నవాడి బొటనవేలు ఎక్కడుందో చూసుకుని నా మాట నమ్మడం మంచిది.

పుట్టింది ఇరాన్ దేశంలో, కెర్మాన్ బజారులో, రాగి ఇత్తడి కొట్టేవాళ్ళ వరసలో. నన్ను చేసిన ముసలాయన ఒక పళ్ళెం కొట్టి, దానికి జోడీ కొట్టబోయాడు. ఎంత చూసినా రెండోది కాస్త తేలిపోయింది. విసిగి, దాని అడుగున గోధుమగింజంత సీసం అతికించాడు. ఆ సీసపు చుక్క ఇప్పటికీ నా ఎడమ పళ్ళెం కింద ఉంది. నా నిజాయితీ అంతా ఆ అతుకు మీదే నిలబడింది.

పిస్తా పండే ఊరు రఫ్సంజాన్ నుంచి ఒక వ్యాపారి వచ్చి నన్ను కొన్నాడు. గోనెసంచి మూతి విప్పి, గుప్పెడు పిస్తా తీసి, సరుకు ఎలాంటిదో నా మీద చూసుకునేవాడు. అతను పోయాక కొట్టు కొడుకు హాజీ నేమతుల్లా చేతికి వచ్చింది. కరెంటు తూకం కూడా వచ్చింది. నాకు పని పోయింది గాని గౌరవం పోలేదు. తండ్రి వేలిముద్రలు నా మీద ఉన్నాయన్నట్టు హాజీ రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో నన్ను తుడిచి, మళ్ళీ గోడ మేకుకే తగిలించేవాడు.

ఆ ఊరి మర్యాద ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. కొట్టుకు వచ్చినవాళ్ళెవరైనా నన్ను చూసి "బాగుందే" అంటే హాజీ వెంటనే "పీష్కష్" అనేవాడు. మీకే కానుక, తీసుకోండి అని. వచ్చినవాడు గుండె మీద చెయ్యి వేసుకుని, మీ దగ్గరుంటేనే దానికి అందం అనేవాడు. అలా నన్ను ఊరందరికీ దానం చేశాడు. నేను మేకు దిగింది లేదు. ఇస్తానన్న మాటను ఒక పళ్ళెంలో, వద్దన్న మాటను ఇంకో పళ్ళెంలో వేస్తే ముల్లు నిటారుగా నిలబడేది. అందులో మోసమేమీ లేదు. ఇద్దరికీ తూకం తెలుసు.

అలాంటి కొట్టులోకి పలాస నుంచి నీలాచలం వచ్చాడు.

నీలాచలానిది జీడిపప్పు వ్యాపారం. పప్పు అరచేతిలో పడగానే అది ఏ రకమో, తేమ ఎంతుందో, అమ్మేవాడు ఎంత తొందరలో ఉన్నాడో చెప్పగలడు. నడివయసు దాటిన పొట్టి మనిషి. భుజాన ఒక రెక్సిన్ సంచి. కూర్చున్నా దాన్ని కింద పెట్టలేదు. అతని సరుకు దుబాయి దళారి ద్వారా హాజీ కొట్టుకు చేరేది. ఈ దేశంలో అతనికి తెలిసిన పేరు అదొక్కటే, మొహం కూడా ఎరగడు. అయినా ఒంటరిగా విమానమెక్కి టెహరాన్‌లో దిగి, బస్సులు మారి, ఆ పేరు రాసిన చీటీ కనబడ్డవాళ్ళకల్లా చూపించుకుంటూ వచ్చేశాడు.

బేరానికి కాదు. అతని తమ్ముడు లోకనాథం సరుకుల ఓడలో కళాసీ. ఓడ యజమాని చేతులెత్తేసి ఎటో మాయమయ్యాడు. బందర్ అబ్బాస్ అవతల సముద్రంలో లంగరేసుకుని నెలల తరబడి ఆ ఓడ అలాగే నిలిచిపోయింది. అందులోవాళ్ళకు దిగడానికి కాగితాలు లేవు, కదలడానికి ఆయిలు లేదు, తాగడానికి చాలినన్ని నీళ్ళు లేవు. లోకనాథానికి కిడ్నీ జబ్బు. వాళ్ళది ఉద్దానం. ఆ కొబ్బరితోటల ఊళ్ళలో ఆ జబ్బు ఇంటింటికీ చుట్టమే. ఆ సంగతి దాచి ఓడెక్కాడు. మాత్రలు వేళకు పడి, మంచినీళ్ళు కడుపునిండా తాగితే తిరగగలడు. లేకపోతే లేదు.

"అన్నా, మాత్తర్లు అయిపోనాయి. కాళ్ళు వాసిపోతన్నాయి. నువ్వే రావాల" అని ఎవరి ఫోన్లోంచో ఒక్కసారి చెప్పాడు. ఆ తర్వాత ఆ ఫోను పలకలేదు. నీలాచలం కింద పెట్టని సంచిలో ఉన్నవి ఆ మాత్రలే.

ఇదంతా అతను నా ఎదురుగానే చెప్పుకున్నాడు. తెలుగులో కాదులెండి, ఢిల్లీ వర్తకులతో బేరమాడి నేర్చుకున్న హిందీలో. దాన్ని హాజీకి విప్పి చెప్పింది అతని మేనల్లుడు మన్సూర్. పూనాలో చదువుకుని వచ్చినవాడు. బందర్ అబ్బాస్‌లో రేవు కాగితాల పని చూసిపెట్టే చిన్న ఆఫీసు నడుపుతాడు. సెలవుకు ఊరొచ్చి ఉన్నాడు.

అంతా విని హాజీ మేనల్లుడి వైపు తిరిగాడు. "ఇవాళే ఈయన్ని నీ కారులో తీసుకుపో. తమ్ముడి దగ్గరికి చేర్చేదాకా నీకు వేరే పని లేదు" అన్నాడు.

"అనుమతి కాగితం కావాలి. నాలుగైదు రోజులు పడుతుంది. తెప్పిస్తాను" అన్నాడు మన్సూర్.

ఆ మాటతో నీలాచలానికి కొంచెం ఊపిరాడింది. ఊపిరాడితే వ్యాపారి కళ్ళు గోడల మీదికి పోతాయి. పోయి నా మీద ఆగాయి. అడిగి నన్ను కిందికి దింపి, గొలుసు పట్టుకుని ఎత్తి చూశాడు. జేబులోంచి జీడిపప్పు బద్ద తీసి ఒక పళ్ళెంలో వేశాడు. హాజీ నవ్వి రెండో పళ్ళెంలో పిస్తా పలుకులు వేశాడు. నేను అటూ ఇటూ ఊగి నిలబడ్డాను.

"ముల్లు ఎంత నాజూగ్గా ఉందండీ. మా నాన్నకి ఇలాంటిదే ఉండేది" అన్నాడు నీలాచలం.

"పీష్కష్" అన్నాడు హాజీ.

"అది మీదేనంటున్నారు" అని మన్సూర్ అలవాటు కొద్దీ తర్జుమా చేసేశాడు.

పలాసలో కొట్టు తెరిచిన పూట ఎవరైనా చేతిలో ఏదైనా పెడితే వద్దనకూడదు. వద్దంటే ఇంటికొచ్చిన లక్ష్మిని కాలితో తోసినట్టు. పైగా అతను వచ్చిన పని అలాంటిది; కొత్త దేశంలో ముందుగా చేతికందింది తక్కెడ, తండ్రిది లాంటి తక్కెడ. శుభశకునమనుకున్నాడు. నన్ను రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుని, పళ్ళాలు ఒకదాన్లో ఒకటి పేర్చి సంచిలో పెట్టేసుకున్నాడు.

హాజీ చేతిలోని జపమాల ఒక పూస దగ్గర ఆగిపోయింది. మొహంలో నవ్వు మాత్రం చెక్కు చెదరలేదు. మా వాళ్ళకు అది పెద్ద విద్య. వీధి దాకా వచ్చి సాగనంపాడు. సంచి మూత సరిగ్గా పడలేదు, ఆ సందులోంచి ఆఖరుసారి చూశాను. గోడ మీద నేనుండే చోట తెల్లటి మచ్చ. హాజీ చేతిలో నన్ను తుడిచే గుడ్డ.

కారు ఊరు దాటింది. ఎర్రమట్టి, పిస్తా చెట్లు, తర్వాత అవీ లేవు. మన్సూర్ ఓరగా సంచి వైపు చూశాడు.

"నీలాచల్ జీ, ఒక మాటంటే ఏమీ అనుకోరుగా."

"చెప్పు బాబూ."

"ఆ తక్కెడ మా తాతగారిది."

"అయ్యో. అంత అపురూపమైంది నాకిచ్చేశారా."

"ఇవ్వలేదు."

నీలాచలం సంచి వైపు చూశాడు. "మీదేనన్నారని నువ్వే చెప్పావు కదా."

"ఆయన అన్నది అదే, నేను చెప్పిందీ అదే. మీరు తీసుకుంటారని మా ఇద్దరికీ తోచలేదు."

ఆ మర్యాద సంగతంతా అప్పుడు చెప్పాడు. వింటూ వింటూ నీలాచలం చెవుల దాకా ఎర్రబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవడి గింజా తేరగా తిన్నవాడు కాదు.

"బండి వెనక్కి తిప్పు."

"తిప్పి ఏమంటారు? మీరు మనసారా ఇవ్వలేదట, ఇదిగో అనా? ముసలాయన్ని చెప్పుతో కొట్టినట్టే. ఉంచుకోండి. ఆయన మర్చిపోయినట్టు నటిస్తాడు, మీరూ నటించండి."

నీలాచలం మెల్లిగా అన్నాడు. "టెహరాన్‌లో టాక్సీవాడు డబ్బు వద్దన్నాడు. నిండు నూరేళ్ళు బతకమని దీవించి దిగిపోయాను. వెనకాల అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. పిచ్చివాడనుకున్నాను."

మన్సూర్ బండి పక్కకు తీసి ఆపాల్సి వచ్చింది, అంతగా నవ్వాడు. నీలాచలం కూడా నవ్వాడు. ఆ ప్రయాణంలో అతను నవ్వడం అదే ఆఖరు.

"లెక్క సులువే. మొదటిసారి అన్నది మర్యాద. రెండోసారి అన్నది ఇంకా మర్యాద. మూడోసారి కూడా అన్నారంటే అది లోపలి మాట. అప్పుడు తీసుకోండి. అంతదాకా గుండె మీద చెయ్యేసుకుని వద్దనండి" అన్నాడు మన్సూర్.

ఒక వ్యాపారికి లెక్క దొరికిందంటే వరం దొరికినట్టే. ఒకే గోనెసంచి దగ్గర రెండుసార్లు మోసపోయే రకం కాదు నీలాచలం. దారిలో కారాపిన చోటల్లా ఆ లెక్క పరీక్షించాడు. రొట్టెల బట్టీ దగ్గర ఒక ముసలమ్మ ఖర్జూరాలు ఇవ్వబోయింది. వద్దన్నాడు. మళ్ళీ ఇవ్వబోయింది. వద్దన్నాడు. మూడోసారి ఏకంగా అతని జేబులో పోసేసింది. టీ కొట్టువాడు డబ్బు వద్దన్నాడు, మూడోసారికి పుచ్చుకున్నాడు. మా ఊళ్ళో కొలిచేటప్పుడు 'ఒకటి' అనం, శుభమని 'లాభం' అంటాం, అని మన్సూర్‌కు చెప్పి, పైకే లెక్కపెట్టేవాడు: లాభం, రెండు, మూడు. లెక్క ప్రతిచోటా సరిపోయింది.

నాకు మాత్రం తెలుసు, ఏ తూకపురాయైనా ఆ ఊరి బజారులోనే చెల్లుతుంది. పక్క ఊళ్ళో రాయి వేరు.

బందర్ అబ్బాస్‌లో గాలి తడిగుడ్డలా మొహానికి అంటుకుంటుంది. మన్సూర్ కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. చేతనైనదంతా చేశాడు, అతని మీద మాట వేయను. నీలాచలం ఊరి చివర చిన్న రేవుకు పోయి కూర్చునేవాడు. అక్కడి నుంచి ఓడ కనిపించేది. చూపు ఆనే చోట, జీడిగింజంత. సంచి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూసేవాడు. మాత్రల డబ్బా ఒక పక్క, నేనొక పక్క. నేను ఆ సంచిలో ఉన్నానని గుర్తొచ్చినప్పుడల్లా అతని మొహం ముడుచుకునేది.

రేవులో ఒక టీ పాక. అక్కడికి నాఖుదా షంబే వచ్చేవాడు. నాఖుదా అంటే పడవ యజమాని. షంబే అంటే శనివారం. ఆ రోజు పుట్టాడని ఆ పేరు. ఎండకు నల్లబడిన బక్క మనిషి, గడ్డం ఉప్పు పట్టినట్టు తెల్లగా ఉండేది. దుబాయిలో చాలా ఏళ్ళు పనిచేశాడు, హిందీ వచ్చు. మాటలు వృథాగా ఖర్చుపెట్టే మనిషి కాదు. రోజూ వచ్చి సముద్రాన్ని చూస్తూ కూర్చునే ఈ పరదేశి ఎవరని ఆ సాయంత్రం తనే పలకరించాడు.

నీలాచలం చెప్పాడు. ఓడ, నీళ్ళు, కాళ్ళ వాపు, మాత్రలు. షంబే టీ చల్లారిపోయేదాకా విన్నాడు.

"రేపు తెల్లారేసరికి రా. నా పడవలో తీసుకెళ్తాను. నీ తమ్ముడు నాకూ తమ్ముడే" అన్నాడు.

నీలాచలం గుండె ఎగిరిపడింది. సంచి అతని గుండెకు ఆనుకునే ఉంది కనక నాకు తెలుసు. నోరు తెరిచాడు. ఔననబోయాడు. అంతలో సంచి సర్దుకుంటున్న అతని చేతికి నా పళ్ళెం చల్లగా తగిలింది. రఫ్సంజాన్ గోడ మీది తెల్లమచ్చ గుర్తొచ్చినట్టుంది. నీ తమ్ముడు నాకూ తమ్ముడే. ఈ తక్కెడ మీదే. రెండూ ఒక గుడ్డలోంచి చింపిన ముక్కల్లాగే ఉన్నాయి మరి.

గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "మీకెందుకు శ్రమ నాఖుదా. అవసరం లేదు. మా కాగితం వచ్చేస్తుంది."

లాభం, అనుకున్నాడు లోపల. రెండు కోసం చూశాడు.

షంబే అతని మొహంలోకి ఒకసారి చూశాడు. తర్వాత సముద్రం వైపు చూశాడు. "సరే" అన్నాడు. మిగిలిన టీ ఇసుకలో పారబోసి, గ్లాసు బోర్లించి లేచి వెళ్ళిపోయాడు.

నేను గలగలమన్నాను. ఉన్న గొలుసంతా కదిలించాను. నీలాచలం సంచి మీద చెయ్యి వేసి నన్ను నొక్కిపెట్టాడు. ఈసారి సిగ్గు పడే పని చెయ్యలేదన్న తృప్తితో బసకు నడిచాడు.

మన్సూర్ రాగానే నీలాచలం ఆ సంగతి చెప్పాడు, బడిపిల్లవాడు లెక్క సరిగ్గా చేసినట్టు.

మన్సూర్ చొక్కా బొత్తాలు విప్పుకుంటున్నవాడు ఆగిపోయాడు. "ఎవరు? షంబేనా?"

"ఆయనే."

"ఆయన మా రఫ్సంజాన్ మనిషి కాదు నీలాచల్ జీ. ఈ రేవు మనిషి. అతనిది ఒక్కటే మాట." మళ్ళీ బొత్తాలు పెట్టుకున్నాడు. షంబే ఇల్లెక్కడో అతనికి తెలియదు. తెల్లవారకముందే ఇద్దరూ రేవుకు పరిగెత్తారు. పడవ అప్పటికే వెళ్ళిపోయింది. నీళ్ళ మీద నూనె చార మాత్రం మిగిలింది.

పొద్దెక్కాక షమాల్ లేచింది. వాయవ్యం నుంచి వచ్చే గాలి అది. సముద్రం తెల్లగా విరిగిపోయింది. షంబే ఆ గాలిని తప్పించుకోవడానికి ఎక్కడో వేరే ఒడ్డున పడవ కట్టేసుకున్నాడని తెలిసింది. రేవు మూసేశారు. మన్సూర్ తెచ్చిన అనుమతి కాగితం రేవు మూసి ఉండగానే చేతికొచ్చింది. దాని మీద ఎన్ని ముద్రలున్నా గాలి లెక్కచెయ్యలేదు. నీలాచలం టీ పాకలోనే ఉన్నాడు. దుమ్ములో ఓడ కనిపించేది కాదు. అయినా అది ఉండాల్సిన చోటే చూసేవాడు.

గాలి పడిపోయిన పొద్దున షంబే పడవ రేవుకు వచ్చింది. నీలాచలం మోకాలి లోతు నీళ్ళలోకి దిగిపోయి పడవ అంచు పట్టుకున్నాడు.

"నన్ను తీసుకెళ్ళు."

"ఎక్కు" అన్నాడు షంబే.

ఇంజను చప్పుడులో కొంతదూరం పోయాక షంబే తనే ఎత్తాడు. "ఆ రోజు ఆ ఓడకు నీళ్ళ పీపాలు వేశాను. లంగరేసిన ఓడలకు నీళ్ళు మోయడం నా పనే. నీ తమ్ముడు ఓడ అంచున కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మీ అన్న రేవులో ఉన్నాడని చెప్పాను. ఎందుకు రాలేదన్నాడు."

"ఏం చెప్పావు?"

"ఉన్నదే. పిలిచాను, అవసరం లేదన్నాడని."

"నేను వద్దన్నది రావడాన్ని కాదు నాఖుదా. నువ్వు మళ్ళీ అడుగుతావనుకున్నాను. ఒక్కసారైనా మళ్ళీ ఎందుకడగలేదు?"

షంబే చుక్కాని వదలకుండానే వెనక్కి చూశాడు. అతనికి నిజంగానే అర్థం కాలేదు. "వద్దన్న మనిషిని మళ్ళీ అడిగితే నువ్వు అబద్ధమాడావు అన్నట్టు కదా. నేను నిన్నెందుకలా అవమానిస్తాను?"

ఇద్దరూ మర్యాదస్తులే. వాళ్ళ మర్యాదల మధ్య ఒక మనిషి జారిపోయాడు. నా పళ్ళాల మధ్య నుంచి గింజలు జారిపడడం చాలాసార్లు చూశాను. తూచేవాడు వంగి ఏరుకుంటాడు. ఇక్కడ ఏరుకునేదేమీ లేదు.

ఓడ మీద తవిటయ్య ఎదురొచ్చాడు. సోంపేట మనిషి, ఓడలో వంటవాడు. నీలాచలాన్ని చూసి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నిన్న పొద్దున్న ఎలిపోనాడు బావూ."

డెక్కు మీద నీడలో టార్పాలిన్ కప్పి, దాని మీద తడిపిన గోనెలు పరిచారు. తాగడానికి చాలని నీళ్ళలోంచే ఆ గోనెలు తడుపుతున్నారు. నీలాచలం పక్కన కూర్చున్నాడు. టార్పాలిన్ ఎత్తి చూశాడు, మళ్ళీ కప్పాడు. సంచి అప్పుడు కూడా భుజాన్నే ఉంది.

"నాను రానన్నానని ఏటైనా అన్నాడా?"

తవిటయ్య చెప్పనా మానా అన్నట్టు నిలబడి, చివరికి చెప్పాడు. "నవ్వినాడు బావూ. మా అన్న బేరమాడతన్నాడ్రా తవిటీ అన్నాడు. మొదటి మాటకే ఔనంటే మా నాయిన తిట్టీవోడు, ఆకర్న వత్తాడు సూడు, అన్నాడు. గాలి లెగిసినా ఆ కమ్మీ కాడే కూకున్నాడు. లోపలికి రమ్మంటే రాడు. మూడో నాటికి మరి మాట నేదు."

నీలాచలం ఏడవలేదు. సంచిలోంచి మాత్రల డబ్బా తీసి, మూత విప్పి చూసి, తవిటయ్య చేతిలో పెట్టాడు. "ఇంకెవులికైనా పనికొత్తాయేమో సూడు" అన్నాడు.

ఆ మాత్రలు వేళకు చేరితే లోకనాథం బతికేవాడా? డాక్టర్లకే తెలియదు. నేను తూచగలిగినవే తూస్తాను.

శవాన్ని దేశం దాటించడానికి వారాలు పట్టింది. పెట్టెలో పెట్టి, విమానం సరుకుల గిడ్డంగిలో ఒక పెద్ద ఇనుప తూకం మీద పెట్టారు. ముల్లు కూడా లేదు దానికి, ఎర్రటి అంకెలు వెలిగాయి. ఆ తూకం కూడా నా కులమే. ఏ పెట్టెనైనా ఒకేలా చూస్తుంది. నాకది నచ్చలేదు. నీలాచలం ఆ అంకెల వైపు చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. జీవితంలో సరుకు తూచే వేళ అతను అటు తిరగడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

బయల్దేరే ముందు నన్ను తీసి మన్సూర్ చేతిలో పెట్టాడు, మామయ్యకు ఇచ్చెయ్యమని. మన్సూర్ అక్కడే నిలబడి హాజీకి ఫోను కలిపాడు. అవతల హాజీ గొంతు నాకు వినిపించింది. "అది ఆయనకే ఇస్తున్నాను" అన్నాడు. "ఇస్తున్నాను" అన్నాడు. కాస్త ఆగి, గొంతు సర్దుకుని, "ఇస్తున్నాను" అన్నాడు. మూడు పూర్తయ్యాయి. అలా నేను న్యాయంగానే పలాస చేరాను.

లోకనాథం భార్య దమయంతి. శవం ఇంటికి చేరిన నాడు అందరిముందూ నీలాచలాన్ని ఒకే ప్రశ్న అడిగింది, ఎందుకు చేరుకోలేకపోయారని. "గాలమ్మా. రేవు మూసీసినారు" అన్నాడు. అబద్ధం కాదు. పళ్ళెంలో వేసింది నిజమైన సరుకే. కాకపోతే బొటనవేలు కూడా వేశాడు.

పలాసలో అతని కొట్టు గోడకు నన్ను తగిలించాడు. నేను అక్కడ చూసిన వ్యాపారం వేరుగా ఉండేది. జీడిగింజలు తెచ్చిన రైతు ఒక మాట చెబితే నీలాచలం "సరే" అనేవాడు. కొనే దళారి ఒక మాట చెబితే దానికీ "సరే" అనేవాడు. మొదట్లో బజారంతా తమాషా పడ్డారు.

"నీలాచలం బావు బేరం ఇరాన్లో మర్సిపోయి ఒచ్చీసినాడ్రా" అని పక్క కొట్టువాళ్ళు ఆడిపోసుకునేవారు. తర్వాత ఆ 'సరే' కోసమే వచ్చేవాళ్ళు పెరిగారు. అడిగిన వెలకల్లా కొని అమ్మి కొట్టు పల్చబడింది. అతను పట్టించుకోలేదు. ఎవరైనా టీ తాగుతావా అని మాటవరసకు అడిగినా లేచి వాళ్ళ వెంట వెళ్ళిపోయేవాడు.

ఎండలు ముదిరే రోజుల్లో ఒక మధ్యాహ్నం దమయంతి కొట్టుకు వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది. బావగారి ఎదుట కూర్చోదు.

"తవిటయ్యని ఓడలోంచి ఇడిసీసినారంట బావగోరూ. నిన్న మా ఇంటికొచ్చినాడు."

గింజలు ఏరుతున్న నీలాచలం చెయ్యి ఆగింది. "ఏటన్నాడమ్మా?"

"మీకు తెలిసిందే అన్నాడు. నాకు తెలీదని ఆడికి తెలీదు పాపం. ఆకర్రోజుల్లోన ఎంత నవ్వీవోడో సెప్పినాడు. బేరం మాట సెప్పి నవ్వినాడని."

అతను చేతిలోని గింజల మీదికి వంగాడు.

"గాలని సెప్పినారు మీరు."

"గాలీ ఉందమ్మా."

"గాలి కంటే ముందర పడవుందంట."

నీలాచలం చేతిలో గింజలు నేల మీద పెట్టాడు. "ఇంకోపాలి అడుగుతాడనుకున్నానమ్మా. ఆ దేశంలోన మూడుపాల్లు అడుగుతారని సెప్పినారు. ఒకపాలి అడిగిందానికి ఔనంటే తప్పని."

దమయంతి చాలాసేపు అతన్ని చూసింది. అరవలేదు. "ఆయన మిమ్మల్ని ఒకపాలే అడిగినాడు. ఫోన్లోన. మీరు బయల్దేరి ఎల్లినారు కదా" అంది.

బజారులో ఎవరో బస్తాలు దించుతున్న చప్పుడు. నా ముల్లు ఎటూ వాలలేదు. నా మీద ఎవరూ ఏమీ వెయ్యలేదు కదా.

"కాశీబుగ్గ రోడ్డులోన కొట్టు పెడతన్నాను. ఆ తక్కెడ నాకు..."

"తీసుకెళ్ళమ్మా" అన్నాడు, ఆమె మాట పూర్తికాకముందే.

ఇప్పుడు నేను దమయంతి కొట్టులో ఉన్నాను. చింతపండు, ఎండుమిరపకాయలు, కందిపప్పు. చింతపండు పులుపు అలాగే నిలిచిపోయి ఇత్తడి పళ్ళాలు కిలుం పట్టాయి. తుడిచే గుడ్డ లేదు. ఎడమ పళ్ళెం కింద సీసపు చుక్క కాస్త లేచింది. ఏదో ఒక రోజు ఊడి ఏ మిరపకాయల బుట్టలోనో పడుతుంది. ఆ తర్వాత నా మాట ఎవరూ నమ్మకూడదు.

తూకం ఆమెకు సరిగ్గానే వచ్చు, కొసరు కూడా వేస్తుంది. ఒక్క అలవాటు మాత్రం బజారులో వాళ్ళకు నవ్వులాట అయింది. ఎవరైనా వెల విని "వద్దులే" అని తిరిగిపోతుంటే ఆమె ఊరుకోదు. "నిజంగా ఒద్దా?" అని అడుగుతుంది. వద్దంటే, రెండడుగులు కొట్టు దిగి మళ్ళీ అడుగుతుంది. మూడోసారి రోడ్డు మీదికి వచ్చి అడుగుతుంది. "సరుకు మీద ఆశ ఎక్కువ ఈవిడకి" అంటారు. వాళ్ళు తూచింది అంతవరకే.

నీలాచలం పొద్దున్నా సాయంత్రమూ ఆ దారినే పోతాడు. వేరే దారి ఉంది, అయినా ఇటే వస్తాడు. కొట్టు దగ్గరికి వచ్చేసరికి అతని నడక మందగిస్తుంది. చేతిసంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటాడు, చెప్పు సరిచేసుకుంటాడు. ఒక్క మాట పిలిస్తే చాలు, ఆగిపోయేలా ఉంటాడు.

దమయంతి తలెత్తి చూస్తుంది. ఊళ్ళో అందరినీ మూడుసార్లు అడిగే మనిషి, అతన్ని ఒక్కసారి కూడా అడగదు. అతను దాటిపోయాక నన్ను మేకు మీంచి తీసి, తర్వాతి వాళ్ళకు చింతపండు తూస్తుంది.